పోల్చడం యంత్రం పని, ఖాయం చేయడం మీ పని

పరిశోధన సమాచారం అనగానే మన కాలేజీల్లో, యూనివర్సిటీల్లో అధ్యాపకులకు ముందు గుర్తొచ్చేది ఎక్సెల్ షీటు. కాలేజీ నాణ్యతా విభాగం ఐక్యూఏసీ నుంచి ఒక ప్రొఫార్మా వస్తుంది. గత అయిదేళ్లలో అచ్చయిన పేపర్లు, పుస్తకాలు, ప్రాజెక్టులు, పేటెంట్లు, గైడ్ చేసిన పీహెచ్‌డీలు, అన్నీ ప్రూఫులతో సహా శుక్రవారం సాయంత్రంలోగా పంపాలంటారు. అది పంపి ఊపిరి పీల్చుకునేలోగా ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల కోసం మరో షీటు వస్తుంది. వివరాలు అవే, గడుల వరుస మాత్రం వేరు. గుర్తింపు ఇచ్చే నాక్‌కు ఏటా పంపే నాణ్యతా నివేదిక ఏక్యూఏఆర్‌లో ఒకసారి, పదోన్నతి దరఖాస్తులో పరిశోధన మార్కుల కోసం ఒకసారి, వార్షిక నివేదికలో ఒకసారి, కాలేజీ వెబ్‌సైటులో ఒకసారి, ఇలా ఒకే పేపరు వివరాలను ఒకే మనిషి అయిదు చోట్ల రాస్తూ ఉంటారు. ఒక చిన్న లెక్క వేద్దాం. వంద మంది అధ్యాపకులున్న కాలేజీలో మనిషికి ఏడాదికి మూడు పేపర్లు అనుకుంటే అయిదేళ్లకు 1,500. ఒక్కో పేపరు అయిదు చోట్ల ఎక్కించాలంటే 7,500 సార్లు టైపు చేయాలి. ఒక్కోదానికి రెండే నిమిషాలు పట్టినా 250 గంటలు. పాఠం చెప్పాల్సిన, చదవాల్సిన, ప్రయోగం చేయాల్సిన 250 గంటలు. పైగా టైపు చేసిన ప్రతిసారీ ఒక అంకె మారుతుంది, ఒక పేరు జారిపోతుంది. చివరికి అయిదు పట్టికల్లో అయిదు రకాల మొత్తాలు తేలి, వాటిలో ఏది నిజమో ఎవరూ చెప్పలేని స్థితి వస్తుంది.

ఈ స్థితిలో ఏఐ చేతికి దొరికితే ఎవరైనా మొదట చేసే పని ఒకటే: ఖాళీ పట్టిక దాని ముందు పెట్టి నింపమనడం. సరిగ్గా ఆ ఒక్క పనే చేయకూడదని ఈ అధ్యాయంలో నా వాదన. చాట్‌బాట్ వెనక ఉండే భాషా నమూనా చదివిన కోట్లాది వాక్యాల తీరును బట్టి, తర్వాత ఏ మాట రావడం సహజమో అంచనా కట్టి రాస్తుంది. పేపరు పేరు, రచయితలు, పత్రిక, సంపుటి, పుట సంఖ్యలు ఉండే వరసకు ఒక స్థిరమైన అచ్చు ఉంది కాబట్టి, ఆ అచ్చులో ఇమిడే పేపర్లను అది అలవోకగా పుట్టించగలదు. అవి చూడటానికి అచ్చం నిజమైనవాటిలాగే ఉంటాయి. మెటా సంస్థ 2022 నవంబర్‌లో గెలాక్టికా అనే నమూనాను ప్రత్యేకంగా శాస్త్రసాహిత్యం కోసమే తయారుచేసి జనం ముందు పెట్టింది. దానికి ప్రధానంగా పరిశోధన పత్రాలు, పాఠ్యపుస్తకాల వంటివాటితోనే శిక్షణ ఇచ్చారు. అయినా అది లేని పేపర్లను ఉన్నట్టు, తప్పు విషయాలను ఒప్పయినట్టు రాస్తోందని పరిశోధకులు చూపించడంతో మూడు రోజులకే ఆ ప్రదర్శనను వెనక్కి తీసుకున్నారు. మరుసటి ఏడాది జూన్‌లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు, చాట్‌జీపీటీ పుట్టించిన లేని తీర్పులను ఉదహరించిన లాయర్లకు 5,000 డాలర్ల జరిమానా వేసింది. ఆ తర్వాత నమూనాలు మెరుగయ్యాయి, నిజమే. కానీ ఖాళీ గడి కనిపిస్తే దాన్ని నింపడం వైపే వాటి మొగ్గు ఉంటుంది. సమాచార నిర్వహణలో మాత్రం తెలియని గడిని ఖాళీగా వదిలేయడమే నిజాయితీ. ఈ రెండూ పొసగవు. అందుకని ఏఐని జ్ఞాపకం కోసం వాడొద్దు, పోల్చి చూడటం కోసం వాడండి. మన దగ్గర ఇప్పటికే ఉన్న కాగితాల్లోంచి వివరాలు ఏరడం, ఏ వివరం ఎవరిదో జత కలపడం, తేడా ఉన్నచోట వేలు పెట్టి చూపడం, ఈ మూడూ దానికి ఇవ్వదగ్గ పనులు.

అసలు పరిశోధన సమాచారం అంటే పేపర్ల జాబితా మాత్రమే కాదు. ఒక మనిషి, ఆ మనిషి పనిచేసిన సంస్థ, వచ్చిన ప్రాజెక్టు, ఆ ప్రాజెక్టుకు డబ్బిచ్చిన సంస్థ, ఆ డబ్బుతో కొన్న పరికరం, ఆ పరికరంతో తేలిన ఫలితం, ఆ ఫలితం అచ్చయిన పేపరు, అదే పని మీద పట్టా పొందిన విద్యార్థి. వీటి మధ్య ఉన్న చుట్టరికాలే అసలు సమాచారం. విడివిడిగా ఎక్సెల్ షీట్లలో పెడితే ఈ చుట్టరికాలు తెగిపోతాయి. ప్రాజెక్టుల షీటు ఒకచోట, పేపర్ల షీటు మరోచోట ఉంటే ఏ ప్రాజెక్టు నుంచి ఏ పేపరు వచ్చిందో చెప్పడానికి ఆ మాస్టారే గుర్తు చేసుకోవాలి, ఆయన రిటైరయితే ఆ సంగతి ఆయనతోనే పోతుంది. ఈ ఇబ్బందిని ఇతర దేశాల విశ్వవిద్యాలయాలు చాలాకాలం కిందటే గుర్తించాయి. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం 2003లోనే వివో అనే వ్యవస్థను మొదలుపెట్టింది. యూరప్‌లో ఇలాంటి వ్యవస్థల కోసం యూరోక్రిస్ అనే సంస్థే ఏర్పడి, సమాచారాన్ని ఏ రూపంలో రాసుకోవాలో ఒక ఉమ్మడి ప్రమాణాన్ని నడుపుతోంది. మన దేశంలో గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం ఐరిన్స్ పేరుతో ఇలాంటి వ్యవస్థను విద్యాసంస్థలకు ఉచితంగా ఇస్తోంది. వీటన్నిటి వెనక ఉన్న ఆలోచన ఒకటే. వివరం ఒక్కచోట, ఒక్కసారి, సరిగ్గా రాసుకోవాలి; నివేదిక ఎవరికి ఏ రూపంలో కావాలన్నా అక్కడి నుంచే తీయాలి.

ఒక్కసారి, సరిగ్గా అన్నచోటే మనకు మనదైన చిక్కు ఎదురవుతుంది. ఆ చిక్కు మన పేర్లలో ఉంది. కె. శ్రీనివాసరావు అనే పేరునే తీసుకోండి. ఇంగ్లీషులో రాసేటప్పుడు శ్రీనివాస, రావు మధ్య ఖాళీ ఒకచోట ఉంటుంది, మరోచోట ఉండదు. ‘శ్రీ’ని ఒక పేపర్లో ఐ అక్షరంతో రాస్తే ఇంకో పేపర్లో రెండు ఈ అక్షరాలతో రాస్తారు. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరం, పాస్‌పోర్టు తీసుకున్నాక పూర్తిగా విడదీసి చివర. పాశ్చాత్య దేశాల సూచికలు చివరి మాటనే ఇంటిపేరుగా పట్టుకుంటాయి కాబట్టి రావు ఇంటిపేరైపోయి, మిగిలింది రెండు పొడి అక్షరాలుగా కుదించుకుపోతుంది. ఇక అక్కడ కె. శ్రీనివాసరావు, కె. సాంబశివరావు, కె. సుబ్బారావు, కె. సత్యనారాయణరావు నలుగురూ ఒకే మనిషి. కొండపల్లి వారూ, కాకర్ల వారూ, కోట వారూ ఒకే గడిలో కలిసిపోతారు. ఇదే సమయంలో నిజంగా ఒక్కరే అయిన మనిషి మూడు నాలుగు ప్రొఫైళ్లుగా ముక్కలవుతారు. రెడ్డి, శర్మ, లక్ష్మి, కుమారి, ఏ పేరు చూసినా ఇదే కథ. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్న అధ్యాపకురాలి విషయంలో నష్టం ఇంకా ఎక్కువ. పెళ్లికి ముందు పీహెచ్‌డీలో చేసిన పని అంతా మరొకరి పేరు మీద ఉన్నట్టే లెక్క. ఈ గందరగోళాన్ని సరిచేయకుండా దాని మీద ఏఐ పెడితే, తప్పు లెక్క మరింత వేగంగా, మరింత అందంగా తయారవుతుంది.

సంస్థల పేర్లదీ ఇదే బాధ. ఆంధ్ర విశ్వకళా పరిషత్తు పాత పేపర్లలో వాల్తేరు చిరునామాతో కనిపిస్తుంది, కొత్తవాటిలో విశాఖపట్నం. వరంగల్‌లోని ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాల 1959లో మొదలై 2002లో ఎన్‌ఐటీ అయింది. జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం 1972లో ఏర్పడి 2008లో హైదరాబాద్, కాకినాడ, అనంతపురం తదితర విశ్వవిద్యాలయాలుగా విడిపోయింది. అన్నిటికంటే చిక్కైనది వ్యవసాయ విశ్వవిద్యాలయం. 1964లో ఏర్పడింది, 1996లో ఆచార్య ఎన్.జి. రంగా పేరు పెట్టారు. పశువైద్యం, ఉద్యానం వేరే విశ్వవిద్యాలయాలుగా విడిపోయాయి. 2014లో రాష్ట్ర విభజన జరిగాక హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని పాత ప్రాంగణం ప్రొఫెసర్ జయశంకర్ విశ్వవిద్యాలయమైంది, రంగా విశ్వవిద్యాలయం గుంటూరు దగ్గర లాంకు చేరింది. మరి 1980ల్లో రాజేంద్రనగర్ చిరునామాతో వచ్చిన ఒక వరి పరిశోధన పత్రం ఇవాళ ఎవరి ఖాతాలోకి వెళ్లాలి? దీనికి ఏ యంత్రమూ జవాబు చెప్పలేదు, చెప్పకూడదు కూడా. అది సంస్థలు కూర్చుని తేల్చుకుని కాగితం మీద రాసుకోవాల్సిన నిర్ణయం. ఆ నిర్ణయం ఒకసారి రాసి పెడితే, వేల పేపర్లకు దాన్ని వర్తింపజేయడం మాత్రం యంత్రానికి చిటికెలో పని.

అందుకే ఏఐ కంటే ముందు కావలసింది గుర్తింపు సంఖ్య. మనుషులకు ఆర్కిడ్ సంఖ్య ఉంది. 2012లో మొదలైంది, పరిశోధకులకు ఉచితం. పదహారు స్థానాలుంటాయి, చివరి స్థానంలో ఉండేది మొదటి పదిహేను అంకెల నుంచి లెక్కకట్టిన తనిఖీ గుర్తు, ఒక్కోసారి అది ఎక్స్ అనే అక్షరం కూడా కావచ్చు. దీనివల్ల టైపు చేసేటప్పుడు ఒక అంకె తప్పు పడితే అక్కడికక్కడే పట్టుబడుతుంది. దీనికి ఏఐ అక్కర్లేదు, హైస్కూలు లెక్క చాలు. పేపర్లకు డీఓఐ ఉంది, దాన్ని చాలామంది ప్రచురణకర్తలు 2000లో ఏర్పడిన క్రాస్‌రెఫ్ దగ్గర నమోదు చేస్తారు. సంస్థలకు 2019 నుంచి ఆర్ఓఆర్ అనే సూచిక ఉంది, అందులో ఏ సంస్థ ఏ సంస్థ నుంచి వచ్చిందో కూడా రాసుకునే ఏర్పాటుంది. డీఓఐ ఉన్న పేపరు వివరాలు క్రాస్‌రెఫ్ నుంచి ఉన్నవి ఉన్నట్టు తెచ్చుకోవచ్చు. అక్కడ ఎవరూ టైపు చేయరు, ఏ నమూనా ఊహించదు. గుర్తింపు సంఖ్యతో తేలిపోయే పనిని చాట్‌బాట్‌కు అప్పగించడం దగ్గర తాళంచెవి పెట్టుకుని తలుపు పగలగొట్టడమే.

అలాంటప్పుడు ఏఐ ఎక్కడ కావాలి? సంఖ్యలు లేని చోట. పదిహేనేళ్ల కిందటి పేపర్లు, సదస్సుల సంచికలు, స్కాన్ చేసిన సర్టిఫికెట్లు, ప్రాజెక్టు మంజూరు ఉత్తర్వులు, వినియోగ ధ్రువపత్రాలు, ఇవన్నీ బీరువాల్లోనో, పెన్‌డ్రైవుల్లోనో, ఎవరి మెయిల్లోనో ఉంటాయి. రాసిన తీరు దేనికదే. ఈ చెల్లాచెదురు కాగితాల్లోంచి పేరు, తేదీ, మొత్తం, ఫైలు నంబరు ఏరడం మనిషికి విసుగు పుట్టించే పని. భాషా నమూనాకు బాగా చేతనైన పని. రచయితను గుర్తుపట్టడంలోనూ అంతే. పేరు ఒక్కటే చూస్తే తేలని సంగతి, సహరచయితలెవరు, ఏ సబ్జెక్టు, ఏ సంవత్సరాల్లో ఏ ఊళ్లో ఉన్నారు, ఏ పేపర్లను పదేపదే ఉదహరిస్తారు అన్నవి కలిపి చూస్తే తేలుతుంది. మట్టి సారం మీద రాసే శ్రీనివాసరావు, గ్రాఫ్ సిద్ధాంతం మీద రాసే శ్రీనివాసరావు ఒకరు కాదని చెప్పడానికి యంత్రానికి ఈ ఆధారాలు చాలు. అయితే ఇక్కడ జరిగే తప్పులు రెండు రకాలని గట్టిగా గుర్తుంచుకోవాలి. మీ పేపరును మీదిగా గుర్తించకపోవడం ఒకటి, ఇంకొకరిదాన్ని మీ ఖాతాలో వేయడం రెండోది. మొదటి తప్పును మీరే వచ్చి అడిగి సరిచేయించుకుంటారు. రెండో తప్పును ఎవరూ వచ్చి చెప్పరు, ఎందుకంటే అది లాభంగా కనిపిస్తుంది. మూడేళ్ల తర్వాత నాక్ డీవీవీ తనిఖీలోనో, పదోన్నతి ఇంటర్వ్యూలోనో బయటపడితే అప్పుడు పోయేది ఒక మార్కు కాదు, పేరు. అందువల్ల సందేహం ఉన్న ప్రతి జతనూ యంత్రం కలపకుండా వదిలేసేలా, మనిషి ముందు పెట్టేలా వ్యవస్థను పెట్టుకోవాలి. తక్కువ కలిపినా నష్టం లేదు, తప్పు కలపకూడదు.

పని చెప్పే తీరు కూడా అంతే ముఖ్యం. ‘ఫలానా మాస్టారి ప్రచురణల జాబితా ఇవ్వు’ అని అడిగితే అది ఊహకు పిలుపు. అదే కాగితాన్ని దాని ముందు పెట్టి, ‘ఈ పాఠంలో ఉన్నదే తీసుకో. శీర్షిక, రచయితలు అచ్చులో ఉన్న వరుసలోనే, పత్రిక, ఐఎస్ఎస్ఎన్, సంవత్సరం, డీఓఐ విడివిడిగా రాయి. ప్రతి వివరం పక్కన అది ఏ పేజీలో, ఏ వాక్యంలో దొరికిందో ఉన్నది ఉన్నట్టు పెట్టు. దొరకనిదానికి లేదు అని రాయి, సొంతంగా పూరించకు’ అని చెబితే పని తీరే మారిపోతుంది. ‘లేదు’ అనే మాటకు అనుమతి ఇవ్వడం ఇందులో అసలు కీలకం. ఆధారవాక్యం పక్కనే ఉంటే సరిచూడటానికి నాలుగు సెకన్లు పడుతుంది. లేకపోతే మళ్లీ పీడీఎఫ్ తెరిచి వెతకాలి. వచ్చిన డీఓఐని క్రాస్‌రెఫ్‌లో వెతికించి, అక్కడి శీర్షికతో కాగితంలోని శీర్షిక కలుస్తోందో లేదో పోల్చాలి. మొత్తం పని మొదలుపెట్టే ముందు మీ సంస్థ కాగితాల్లోంచే ఓ వంద ఏరి, వాటి వివరాలు చేత్తో సరిగ్గా రాసి పెట్టుకోండి. ఏ సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు వచ్చినా, ఏ కొత్త నమూనా వచ్చినా ఆ వంద ఇచ్చి చూడండి. ఎన్నింటిలో తప్పింది, ఏ రకం తప్పు చేసింది అన్నది మీకే తెలుస్తుంది. వాళ్ల కరపత్రంలో రాసిన శాతాలు వాళ్ల దగ్గరున్న కాగితాలవి. ఇక్కడ పరీక్ష మీ కాగితాల మీద.

తెలుగులో జరిగే పరిశోధన గురించి వేరుగా చెప్పుకోవాలి. ఎన్‌ఐఆర్‌ఎఫ్ ప్రచురణల లెక్కలకు స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ సూచికలే ఆధారం. తెలుగు శాఖలో, చరిత్ర శాఖలో తెలుగులో రాసేవారి వ్యాసాలకు చాలావరకు డీఓఐ ఉండదు, ఆ సూచికల్లో చోటు ఉండదు. కాశీనాథుని నాగేశ్వరరావు 1924లో మొదలుపెట్టిన భారతి పత్రికలో శాసనాల మీద, ఛందస్సు మీద, వ్యాకరణం మీద ఎంత లోతైన పరిశోధన అచ్చయిందో సాహిత్య విద్యార్థులందరికీ తెలుసు. ఇవాళ సూచికల భాషలో చెప్పాలంటే అదంతా లేనట్టే. ఏఐ వల్ల నిజంగా కొత్తగా సాధ్యమయ్యే మంచి ఏదైనా ఉందంటే అది ఇక్కడే. స్కాన్ చేసిన పాత సంచికల విషయసూచికలను చదివించి, వ్యాసం, రచయిత, సంచిక, పుటలతో వరుసగా నమోదు చేయించవచ్చు. పాత అచ్చులో ప, వ లాంటి పోలికలున్న అక్షరాలను, ధ, థ మధ్య ఒక్క చుక్క తేడాను, విరిగిన ఒత్తులను యంత్రం ఇంకా తడబడుతూనే చదువుతుంది కాబట్టి తెలుగు బాగా తెలిసిన మనిషి పక్కన కూర్చోవాలి. ఎం.ఏ. విద్యార్థులకు ఇది చక్కని ప్రాజెక్టు పని. ఇంగ్లీషులో రాసినదే పరిశోధన అనే భావన మన పట్టికల్లో పేరుకుపోయింది. దాన్ని కదిలించే అవకాశాన్ని తెలుగు శాఖలు వదులుకోకూడదు.

పత్రికల మంచిచెడ్డలు తేల్చడంలోనూ కొత్త బాధ్యత వచ్చిపడింది. నమ్మదగిన పత్రికలను చూపే తన కేర్ జాబితాను యూజీసీ 2025 ఫిబ్రవరిలో ఆపేసి, పత్రికల నాణ్యత చూసుకునే పనిని విద్యాసంస్థలకే వదిలింది. ‘ఈ పత్రిక నమ్మదగినదేనా’ అని చాట్‌బాట్‌ను అడిగితే ఔననో కాదనో ధీమాగా చెప్పేస్తుంది. ఆ మాట మీద ఒకరి పదోన్నతిని ఆధారపరచలేం. అడగాల్సింది తీర్పు కాదు, ఆధారాలు: ఐఎస్ఎస్ఎన్ నిజమైనదేనా, డీఓఏజే లాంటి బహిరంగ సూచికలో ఉందా, సంపాదకవర్గంలో ఉన్నవారు తమ సొంత సంస్థ పేజీల్లో ఆ సంగతి చెప్పుకున్నారా, పంపిన పేపరుకు, అచ్చుకు మధ్య ఎన్ని రోజులు. వీటిని సేకరించి ఒక పేజీలో పెట్టమనండి, నిర్ణయం కమిటీ తీసుకుంటుంది. వెనక్కి తీసుకున్న పేపర్ల విషయం ఇంకా సులువు. రిట్రాక్షన్ వాచ్ దగ్గరున్న సమాచారాన్ని 2023లో క్రాస్‌రెఫ్ తీసుకుని అందరికీ తెరిచి పెట్టింది. మీ సంస్థ డీఓఐలను నెలకొకసారి దానితో పోల్చి చూస్తే ఏ పేపరు వెనక్కి వెళ్లిందో ముందే తెలుస్తుంది. వ్యక్తిగతంగా రిఫరెన్సులు దాచుకోవడానికి జొటేరో వాడేవారికి అది ఇలాంటి పేపర్ల గురించి తానే హెచ్చరిస్తుంది కూడా.

ఇదంతా పెద్ద సంస్థలకు సాగుతుంది, ల్యాబులో రసాయనాలకే డబ్బు లేని కాలేజీకి ఎలా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ పైన చెప్పినవాటిలో డబ్బు పెట్టాల్సినవి ఎన్నో ఒకసారి చూడండి. ఆర్కిడ్ అధ్యాపకులకు ఉచితం, క్రాస్‌రెఫ్ సమాచారం ఉచితం, ఐరిన్స్ ఉచితం. 2022 జనవరిలో వచ్చిన ఓపెన్‌అలెక్స్ సూచికను ఎవరైనా స్వేచ్ఛగా వాడుకోవచ్చు. పీడీఎఫ్‌లోంచి రచయితలు, ఉదహరింపులు ఏరే గ్రోబిడ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ కాలేజీ కంప్యూటర్లోనే నడుస్తుంది. ఖర్చయ్యేది మనిషి సమయం. ఆ సమయాన్ని ఎవరికీ కేటాయించకుండా లైబ్రేరియన్ మీద అదనంగా వేస్తే అది మూలిగే నక్క మీద తాటిపండే అవుతుంది. ఈ పని లైబ్రేరియన్‌కు సహజంగా చెందుతుంది, ఎందుకంటే ఒక గ్రంథాన్ని ఏ శీర్షిక కింద, ఎవరి పేరు కింద పెట్టాలో తేల్చడం వారి చదువే. అందుకని వారికి వారానికి ఇన్ని గంటలని రాతపూర్వకంగా కేటాయించి, ఆ మేరకు వేరే పని తగ్గించాలి. ప్రిన్సిపాల్ సంతకంతో ఈ ఒక్క ఉత్తర్వు లేనిచోట ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొన్నా ఏడాది తిరిగేసరికి అది పాత ఎక్సెల్ షీట్ల సరసన చేరుతుంది.

ఇంతకంటే బరువైన అభ్యంతరం ఒకటుంది. లెక్క తేలికైతే లెక్కపెట్టే యావ పెరుగుతుంది, అధ్యాపకుణ్ని అంకెలతో కొలిచే కొరడా యాజమాన్యాల చేతికి చిక్కుతుంది అని. ఇది ఊహ కాదు. సంఖ్య కోసం జరిగిన పరుగులోనే వైలీ సంస్థకు చెందిన హిందావీ పత్రికలు 2023లో 8,000కు పైగా పేపర్లను వెనక్కి తీసుకోవలసి వచ్చింది. పత్రిక పేరు చూసి పరిశోధకుణ్ని కొలవొద్దని డోరా ప్రకటన, అంకెలు నిపుణుల తీర్పుకు తోడు కావాలే తప్ప దాని చోటు ఆక్రమించకూడదని 2015 నాటి లైడెన్ ప్రణాళిక ఎప్పుడో చెప్పాయి. ఈ అభ్యంతరాన్ని నేను పూర్తిగా తోసిపుచ్చలేను. అయితే ఇవాళ్టి ఎక్సెల్ పద్ధతిలో అంకెలు లేవా? ఉన్నాయి, పైగా తప్పు అంకెలు. తన గురించి సంస్థ దగ్గర ఏముందో చూసుకునే హక్కు అధ్యాపకుడికి అందులో లేదు. మంచి వ్యవస్థలో ప్రతి వివరమూ ముందు ఆ మనిషికే కనిపించాలి, వారు ఔనన్నాకే నివేదికలోకి వెళ్లాలి, కాదంటే ఎందుకు కాదో రాసే చోటుండాలి. ఎవరికి ఎంత మార్కు, ఎవరు వెనకబడ్డారు, ఎవరికి పదోన్నతి అనే ప్రశ్నలు ఏఐకి వేయకూడదని సంస్థ ముందే తీర్మానం చేసుకోవాలి. ఆ తీర్మానం లేకుండా ఈ వ్యవస్థను తెస్తే వ్యతిరేకించే అధ్యాపక సంఘాల పక్షానే నేనుంటాను.

గోప్యత సంగతి చాలామంది పట్టించుకోవడం లేదు. అచ్చయిన పేపరు వివరాలు ఎక్కడ పెట్టినా ఫరవాలేదు. అచ్చుకాని థీసిస్, దాఖలు చేయని పేటెంటు ముసాయిదా, సమీక్ష కోసం మీకు వచ్చిన ఇతరుల ప్రాజెక్టు ప్రతిపాదన, రోగుల వివరాలున్న డేటా, విద్యార్థుల ఆధార్ కాపీలు, ఇవి బయటి చాట్‌బాట్‌లో ఎక్కించకూడనివి. ప్రాజెక్టు ప్రతిపాదనల సమీక్షకు ఇలాంటి సాధనాలు వాడటాన్ని అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ ఎన్‌ఐహెచ్ 2023 జూన్‌లోనే నిషేధించింది. మన దేశంలోనూ వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణకు 2023లో చట్టం వచ్చింది. ఇలాంటి కాగితాలు చదివించాలంటే సంస్థ సొంత కంప్యూటర్లో నడిచే నమూనా పెట్టుకోవాలి, లేదా మనుషులే చదవాలి. అలాగే మీ సమాచారం మీకు ఎప్పుడు కావాలన్నా సాధారణ ఫైలుగా తిరిగి ఇస్తామని రాసివ్వని ఏ సేవనూ నమ్ముకోవద్దు. ఎంతోమంది పరిశోధకులు ఆధారపడిన మైక్రోసాఫ్ట్ అకడమిక్ సేవ 2021 చివర మూతపడింది. దాని సమాచారం బహిరంగంగా ఉండబట్టే ఓపెన్‌అలెక్స్ దాన్ని అందిపుచ్చుకుని ముందుకు సాగగలిగింది.

మొదలుపెట్టడానికి కాలేజీ అంతా కదలాల్సిన పని లేదు, ఒక్క శాఖ చాలు. మొదటి నెల అందరికీ ఆర్కిడ్, పేరు ఇకపై ఇంగ్లీషులో ఎలా రాయాలో ఒకే తీరు, సంస్థ పేరు ఎలా రాయాలో ఒకే వాక్యం. రెండో నెల డీఓఐ ఉన్న పేపర్లన్నీ క్రాస్‌రెఫ్ నుంచి. మూడో నెల నుంచి పాత కాగితాలు, ఏఐ సాయంతో, ఎవరివి వారు చూసి ఔనన్నాక. ఆ తర్వాత వచ్చే ఏక్యూఏఆర్ షీటును ఎవరినీ అడగకుండా అక్కడి నుంచే నింపి చూడండి, ఎక్కడ ఖాళీలున్నాయో అదే చెబుతుంది. ఇవేవీ మొదలయ్యేలోగా మీరొక్కరే చేయగలిగింది ఒకటుంది. ఇవాళ సాయంత్రం ఓపెన్‌అలెక్స్‌లో మీ పేరు వెతకండి. ఎన్ని ప్రొఫైళ్లుగా ఉన్నారో లెక్కపెట్టుకోండి. వాటిలో మీవి కాని పేపర్లు కనిపిస్తే, మీవి చేర్చుకోవడానికి ముందు వాటిని తీసేయించండి.